వెనక్కి తీసుకున్న పరిశోధన వార్త కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

2019 జూన్‌లో ‘నేచర్ మెడిసిన్’ అనే వైద్య పరిశోధన పత్రిక ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. హెచ్‌ఐవీ వైరస్ కణంలోకి చొరబడే వాకిలి అయిన ప్రోటీన్‌ను తయారుచేసేది సీసీఆర్5 జన్యువు. అందులో డెల్టా32 అనే లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా సంక్రమించినవారికి మరణ ముప్పు 21 శాతం ఎక్కువని ఆ పత్రం చెప్పింది. ఇదే జన్యువును మార్చి చైనాలో కవలలను పుట్టించిన సంగతి అంతకు కొన్ని నెలల ముందే బయటపడటంతో దేశదేశాల పత్రికలు దానికి పెద్దపీట వేశాయి. అక్టోబరులో రచయితలే పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. నిజాయితీ గల పని అది. కానీ మొదటి వార్త చదివినవారిలో ఎందరికి ఆ కబురు అందింది?

తప్పు జరిగిన తీరు చూడండి. బ్రిటన్‌లో స్వచ్ఛందంగా చేరినవారి జన్యు, ఆరోగ్య వివరాల భాండాగారమైన యూకే బయోబ్యాంక్‌లో 4 లక్షల మందికి పైగా జన్యు సమాచారాన్ని వాళ్లు పరిశీలించారు. ఒక జనాభాలోని మొత్తం సీసీఆర్5 ప్రతుల్లో డెల్టా32 వాటా 11 శాతం అనుకుంటే, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున దాని రెండు ప్రతులున్నవారు 0.11ను 0.11తో గుణించినంత, అంటే వెయ్యికి సుమారు 12 మంది ఉండాలి. బయోబ్యాంక్ లెక్కలో ఉండాల్సిన దానికంటే తక్కువ మంది తేలారు. వాళ్లు ముందే చనిపోయి ఉంటారన్న ఊహకు ఆ లోటు బలమిచ్చింది. నిజానికి వాళ్లు బతికే ఉన్నారు. జన్యు పరీక్ష చేసే చిప్ మీద ఆ లోపాన్ని పట్టాల్సిన ప్రోబ్ (డీఎన్‌ఏ తునక) రెండు ప్రతులున్నవారిలో కొందరిని గుర్తించలేకపోయింది. డెల్టా32తో పాటే సంక్రమించే మరో మార్కర్‌తో (జన్యు గుర్తుతో) పోల్చి చూస్తే లెక్క కుదరలేదు.

వెనక్కి తీసుకున్నాక కూడా ఇలాంటి పత్రాలకు సైటేషన్లు, అంటే ఇతర పత్రాల్లో వాటి ప్రస్తావనలు, ఆగవు. ముందే దింపుకున్న పీడీఎఫ్ మీద ‘ఉపసంహరించారు’ అన్న ముద్ర దానంతటదే పడదు. పైగా, పత్రం చదవకుండా వేరొకరి రిఫరెన్సుల జాబితా నుంచి ఎత్తి రాసుకునే అలవాటు మన పీహెచ్‌డీ విద్యార్థుల్లోనూ ఉంది. సైటేషన్ల అంకె తప్పుపట్టినవాళ్లను, నమ్మినవాళ్లను కలిపే లెక్కిస్తుంది కాబట్టి అది పెద్దదైనంత మాత్రాన ధీమా పడకూడదు.

సరిచూడటానికి రెండు నిమిషాలు చాలు. ప్రతి పత్రానికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య డీఓఐతో ప్రచురణకర్త పేజీ తెరవండి, తరువాత వైద్య పరిశోధన పత్రాల సూచిక పబ్‌మెడ్‌లో శీర్షిక చూడండి. అనుమానం తీరకపోతే, ఉపసంహరించిన పత్రాలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో వెతకండి. 2023లో డీఓఐలు నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్ దాన్ని తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది. రిఫరెన్సులు భద్రపరిచే సాఫ్ట్‌వేర్ జొటెరో వాడేవారికి హెచ్చరిక తనే కనిపిస్తుంది. థీసిస్ ఇచ్చే ముందు రోజు మళ్లీ ఒకసారి చూడాలి.

మీ ఆరోగ్య పేజీలో పరిశోధన వార్త కింద పత్రం డీఓఐ వేయండి. ఆ పత్రాన్ని ఉపసంహరిస్తే, మొదటి వార్త వచ్చిన పేజీలోనే ఆ సంగతీ చెప్పండి.

– జన్యుశాస్త్ర అధ్యాపకులు, హైదరాబాద్