వార్షిక నివేదిక: ఆదివారం రేడియో తరగతులు

సభ్యులందరికీ నమస్కారం. మొక్కలు నాటడం, వైద్య శిబిరం, బతుకమ్మ ఏర్పాట్లు మీరంతా దగ్గరుండి చేసిన పనులే. అందుకే హనుమకొండలో మన కాలనీ సంఘం హాల్లో జరిగిన పిల్లల రేడియో తరగతుల గురించే ఈసారి ఎక్కువగా రాస్తున్నాను.

మొదట కరెంటును అడ్డుకునే చిన్న భాగం, రెసిస్టర్ మీది రంగుల పట్టీలు చదవడం నేర్పాం. గోధుమ, నలుపు, ఎరుపు వరుసగా ఉంటే 1000 ఓమ్‌లు. తర్వాత సోల్డరింగ్, అంటే కరిగించిన లోహంతో భాగాలను అతికించడం. ఆపైన బ్యాటరీ అక్కర్లేని డయోడ్ రేడియో. డయోడ్ అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం. పిల్లలే పీవీసీ పైపు మీద ఎనామిల్ రాగి తీగ చుట్టి కాయిల్ చేసి, స్టేషన్ మార్చే గ్యాంగ్ కండెన్సర్, డయోడ్, క్రిస్టల్ ఇయర్‌ఫోన్ కలిపారు. డాబా మీద పొడవాటి ఏరియల్ కట్టి, ఎర్త్ కూడా ఇచ్చాం. చప్పుడే లేదు. రెండు ఆదివారాలు అలాగే పోయాయి, పిల్లలకంటే నాకే టెన్షన్ ఎక్కువైంది.

జర్మేనియం డయోడ్లు అడిగితే దుకాణంలో సిలికాన్‌వి ఇచ్చారని తర్వాత తెలిసింది. సిలికాన్ డయోడ్ బాగా పనిచేయాలంటే సుమారు 0.6 వోల్టులు కావాలి. జర్మేనియానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ఏరియల్ పట్టే సిగ్నల్ అంత సన్నగా ఉంటుంది మరి. డయోడ్ మార్చాక 738 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి హైదరాబాద్ వినిపించింది. ఇయర్‌ఫోన్ ఒక్కటే, అందరికీ ముందు తనకే కావాలి!

అప్పుడే ఏడో తరగతి అమ్మాయి అడిగింది: “సార్, అంత దూరంలోని హైదరాబాద్ వినొస్తుంది, మన వరంగల్ ఎందుకు వస్తలేదు?” ఈ ఏడాది మేం విన్న మంచి ప్రశ్న ఇదే. వరంగల్ కేంద్రం 103.5 మెగాహెర్ట్జ్ మీద ఎఫ్ఎంలో వస్తుంది. మా కాయిల్ అంత పై ఫ్రీక్వెన్సీకి ట్యూన్ కాదు. పైగా హైదరాబాద్ వచ్చే మీడియం వేవ్‌లో మాటను బట్టి తరంగం బలం పెరిగి తగ్గుతుంది, డయోడ్ పట్టుకునేది దాన్నే. ఎఫ్ఎంలో బలం మారదు, ఫ్రీక్వెన్సీ మారుతుంది. తాడు ఊపి చూపిస్తే చిన్నవాళ్లకూ అర్థమైంది.

వచ్చే ఏడాది ఎఫ్ఎం రిసీవర్ చేయిస్తాం. 12 ఏళ్లు నిండినవాళ్లు హామ్ రేడియో (సరదా కోసం సొంత రేడియోతో ఇతరులతో మాట్లాడుకోవడం) లైసెన్స్ పరీక్ష రాయొచ్చు, ఆసక్తి ఉన్నవాళ్లను సిద్ధం చేస్తాం. ఉరుములున్న రోజు డాబా ఎక్కనివ్వం, ఏరియల్ కరెంటు తీగల దగ్గర కట్టనివ్వం.

మీ అటకల మీద పాడైన పాత ట్రాన్సిస్టర్ రేడియోలుంటే పాత సామానోళ్లకు వేయకండి. వాటిలోని గ్యాంగ్ కండెన్సర్లు, జర్మేనియం డయోడ్లు ఇప్పుడు దొరకడం కష్టం. ఆదివారం పొద్దున పిల్లలతో హాలుకు పంపండి.