అమ్మలూ, ఆ ర్యాంప్ సంగతి

రేపల్లె,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు షాపు నిండా పిల్లలు హాల్‌టికెట్ల ప్రింట్ల కోసం నిలబడి ఉన్నారు. సరిగ్గా మాట్లాడలేకపోయాను. "వార్డు ఆఫీసు ముందు ర్యాంప్ కట్టాలి నాన్నా. మూడు మెట్ల ఎత్తు. కాలవ దాకా 6 అడుగులే జాగా ఉంది. అందులోనే ఎలాగో సర్దేయమంటున్నారు, ఏం చేయను?" అని అడిగావు. తర్వాత చెప్తాలే అని పెట్టేశాను. రెండు రోజులుగా అదే బుర్రలో తిరుగుతోంది. ఫోన్లో అయితే సగమే చెబుతాను, అందుకని రాస్తున్నాను.

ముందు నీ చిన్నప్పటి సంగతి ఒకటి. 2009లో, నీకు 8 ఏళ్లు. సెల్‌ఫోన్లు వచ్చి మన ఎస్టీడీ బూత్‌కి మనిషి రావడం మానేశాడు. వికలాంగుల కోటాలో వచ్చిన బూత్ అది, 13 ఏళ్లు మనకి అన్నం పెట్టింది. ఇక జిరాక్స్ మిషన్ కొందామని, సబ్సిడీ లోన్‌కి అప్లికేషన్ ఇవ్వడానికి ఒక ఆఫీసుకి వెళ్లాం. వికలాంగులకిచ్చే లోన్ అది. ఆఫీసేమో మేడ మీద. 22 మెట్లు, పట్టుకోవడానికి రైలింగ్ లేదు. కింద ఉన్న అటెండర్‌ని కాగితం కాస్త పైకి పట్టుకెళ్లమంటే, మనిషే రావాలంట అన్నాడు.

మెట్లకి వీపు పెట్టి మొదటి మెట్టు మీద కూర్చున్నాను. రెండు అరచేతులూ వెనక మెట్టు మీద ఆనించి ఒళ్లు పైకి లాక్కోవడం, ఊత కోసం కట్టే క్యాలిపర్ వేసిన కుడికాలిని చేత్తో ఎత్తి పెట్టుకోవడం, మళ్లీ పై మెట్టు. నువ్వు నా చంక కర్రలు రెండూ గుండెకి హత్తుకుని నాకంటే ఒక మెట్టు పైన నడుస్తున్నావు. సగం ఎక్కాక ఊపిరి తీసుకుందామని ఆగాను. పైనుంచి దిగుతున్న పెద్దాయన ఒకరు మనల్ని చూసి, జేబులోంచి రెండు రూపాయల బిళ్ల తీసి నీ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నేను వేసుకున్నది ఇస్త్రీ చొక్కా. అప్లికేషన్ ఫైలు ఒళ్లోనే ఉంది. "ఈయన ఎందుకిచ్చాడు నాన్నా?" అన్నావు. నేనేమీ చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆ బిళ్లని నువ్వు బూత్ గల్లాపెట్టెలో వేసేశావు.

ఆ పెద్దాయన మంచివాడే అమ్మలూ. జాలిపడి ఇచ్చాడు. రోజూ తను ఎక్కి దిగే మెట్లు కదా, ఆయనకి ఆ మెట్లు కనబడలేదు, నా కాలే కనబడింది. పక్కన ఒక ఇనప గొట్టం ఉంటే నేను నిలబడే ఎక్కేవాణ్ణి. ఆయన నన్ను చూసీ చూడనట్టు దిగిపోయేవాడు. అప్పుడు నువ్వడిగినదానికి ఇన్నాళ్లకి నా జవాబు ఇదీ.

మన జనం చూపు ఎప్పుడూ కాలి దగ్గరే ఆగిపోతుంది. ఇద్దరం హోటల్‌కి వెళితే "నాన్నగారికి ఏం తెమ్మంటారు?" అని నిన్ను అడుగుతారు, నేను ఎదురుగా కూర్చునే ఉంటాను. నాకు రెండేళ్లప్పుడు జ్వరమొస్తే మీ నాయనమ్మ సూది వేయించింది. మూడోనాటికి కాలు చచ్చుబడిపోయింది. ఊరంతా పూర్వజన్మ పాపం అంది. ఆమె మాత్రం ఆ సూది తనే వేయించానని పోయేదాకా కుమిలిపోయింది. వైరస్ అప్పటికే ఒంట్లో ఉంటుందనీ, పోలియో జ్వరంలో కండకి సూది పడితే ఆ కాలు పడిపోయే ప్రమాదం పెరుగుతుందనీ, అప్పట్లో ఆ సంగతి పల్లెటూళ్లో ఏ తల్లికీ తెలిసే వీల్లేదనీ చెబుదామంటే, నాకు ఇదంతా తెలిసేసరికి ఆమె లేదు.

నిన్ను మాత్రం పల్స్ పోలియో ఆదివారం ఒక్కటి కూడా వదలకుండా తీసుకెళ్లి చుక్కలు వేయించాను. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో. 2014 మార్చిలో మన దేశంలో పోలియో లేదని ప్రకటించారు, ఆ రోజు పేపరు ఇంకా బీరువాలో ఉంది. అయినా పోయిన నెల నీకు సంబంధం తెచ్చినాయన "అది పిల్లలకి కూడా వస్తుందేమో కనుక్కోమన్నారండీ" అన్నాడు. మీ అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. ఆ సంబంధం వద్దని చెప్పేశాను. నిన్ను అడక్కుండా చెప్పాను, ఏమీ అనుకోకు తల్లీ.

సరే, నీ ర్యాంప్. మూడు మెట్లంటే ఆరేసి అంగుళాల లెక్కన అడుగున్నర ఎత్తు. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలని మీ ఇంజనీర్ల రూల్సులోనే ఉంది. అంటే 18 అడుగులు. 6 అడుగుల్లో కడితే దాని మీద స్కూటర్ ఎక్కుతుంది, చక్రాల కుర్చీ ఎక్కదు. అలాంటిది మన ఊళ్లోనే ఒకటి ఉందిగా, పైన నున్నటి టైల్స్ కూడా పరిచారు. వానలో దాని మీద కర్ర జారి నా మోచెయ్యి విరిగినప్పుడు నువ్వు ఇంటర్ చదువుతున్నావు. దాన్ని కట్టినవాళ్ల కాగితాల్లో ర్యాంప్ ఉంది, బిల్లూ అయిపోయింది.

తిన్నగానే కట్టాలని ఏముంది? గోడ వారన పక్కకి పోనివ్వు. సగం దూరం పోయాక కుర్చీ తిరిగేంత చదును జాగా వదిలి వెనక్కి మళ్లించు. రెండు పక్కలా గొట్టాలు పెట్టించు, పైన గరుకుగా ఉంచు. ఇంకో మాట, ర్యాంప్ వస్తోంది కదా అని మెట్లు మాత్రం తీసేయకు. నాలాంటి కర్రలవాడికి వాలు దిగడం భయం, ఒళ్లు ముందుకు తూలిపోతుంది. రైలింగ్ ఉన్న పొట్టి మెట్లే నాకు నయం. కుర్చీలో వచ్చేవాళ్లకి ర్యాంప్ తప్ప వేరే దారి లేదు. మీ పుస్తకాల్లో ఇది ఉందో లేదో గానీ, రెండూ ఉండాలి. ర్యాంప్ పైన ఉన్న గ్రిల్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా కనుక్కో. తాళం వేసిన ర్యాంప్‌లు బోలెడు చూశాను.

ఇదంతా ఎందుకమ్మా అని ఎవరైనా అంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం చూపించు. ఈ ప్రమాణాలు పాటించని భవనానికి కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వకూడదని 44వ సెక్షన్ చెబుతుంది. జనం వచ్చిపోయే పాత భవనాలన్నీ 5 ఏళ్లలో సరిచేయాలని 45వ సెక్షన్. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. రూల్స్‌లో సలహాల్లా ఉన్నవాటితో సరిపెట్టకూడదు, తప్పనిసరి ప్రమాణాలు పెట్టండని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ కేసులో కోర్టుకి రిపోర్టు ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే. చదువు, నీకు పనికొస్తుంది.

కొత్తగా చేరావు, పైవాళ్లతో గొడవ పెట్టుకోమనడం లేదు. టెన్షన్ పడకు. డ్రాయింగ్ మార్చి, కొత్త ఎస్టిమేట్ వేసి, మర్యాదగా పట్టుకెళ్లి చూపించు. ఒప్పుకోకపోతే నీ మాట ఫైల్లో రాసిపెట్టు. పని అయ్యాక మాత్రం ఎం-బుక్‌లో, అదే బిల్లు కోసం కొలతలు ఎక్కించే పుస్తకంలో, రాసే ముందు ఒక చక్రాల కుర్చీ తెప్పించు. నువ్వే కూర్చో. ఎవరినీ తోయనివ్వకుండా కిందనుంచి పైదాకా ఎక్కి, మళ్లీ దిగి చూడు. చేతులు లాగితే ఎక్కడ లాగాయో గుర్తుపెట్టుకో.

అదయ్యాక ఫోన్ చెయ్యి, నేనొస్తాను. బస్సు మొదటి మెట్టు ఎత్తు గానీ, కండక్టర్ చెయ్యందిస్తాడులే. మీ అమ్మ సున్నుండలు చేస్తోంది, నాతో పంపుతుందట. రాత్రిళ్లు ఆలస్యంగా తినకు.

మీ నాన్న