వీసా కొనుక్కునే సరుకు కాదు

సంపాదకులకు,

అయ్యా,

మా ఉద్దానంలో ఏ ఇంటి కుర్రాడు గల్ఫ్‌కు బయలుదేరినా, "వీసా ఎంతకు కొన్నారు?" అన్నదే ఇరుగుపొరుగు అడిగే మొదటి మాట. ఐటీఐలో చాలా ఏళ్లు వెల్డింగ్ నేర్పిన నాకు, ఈ 'కొనడం' అన్న మాటలోనే మోసానికి దారి ఉందనిపిస్తుంది. అక్కడి యజమాని తన ప్రభుత్వం దగ్గర ఫలానా పనికి మనిషి కావాలని అనుమతి తెచ్చుకుని, వచ్చేవాడికి స్పాన్సరుగా పూచీ పడితేనే పని వీసా పుడుతుంది. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం నియామక రుసుము, ఇకామా (నివాస అనుమతి పత్రం) ఖర్చు, దాని రెన్యువల్, పని ముగిశాక తిరుగు టికెట్టు యజమాని భరించాల్సినవే. యూఏఈ 2021లో తెచ్చిన చట్టం కూడా నియామక ఖర్చు కార్మికుడి నుంచి రాబట్టకూడదంటోంది. మన 1983 వలసల చట్టం కింద లైసెన్సున్న ఏజెంటు సైతం 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. మరి మా ఊళ్లలో లక్షలు ఎందుకు చేతులు మారుతున్నట్టు?

సంక్రాంతి వెళ్లాక నా పాత శిష్యుడొకడు ఫోనులో తన వీసా చూపించాడు. దానికోసం వాళ్ల నాన్న జీడితోట తాకట్టు పెట్టాడు. అందులో వెల్డరన్న మాటే లేదు. అది 60 రోజుల విజిట్ వీసా, స్పాన్సరు గడిలో ఉన్నది ఏదో ట్రావెల్స్ పేరు. "దిగాక కంపెనీవాళ్లే మార్చేస్తారంట మాస్టారూ, అందరూ ఇలాగే వెళ్తున్నారు" అన్నాడు. మార్చకపోతే గడువు దాటిన ప్రతి రోజుకూ జరిమానా పడుతుందని వాడికి ఎవరూ చెప్పలేదు. ప్రయాణమైతే మానుకున్నాడు గానీ, కట్టిన బయానా ఇంతవరకు తిరిగి రాలేదు.

విచిత్రమేమిటంటే, పది పాస్ కానివాడి పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) కోవ కింద ఉంటుంది కనుక, గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలసల సంరక్షణాధికారి అనుమతి తప్పనిసరి. ఆ వంకన ఒప్పంద పత్రాన్ని ఒకరైనా చూస్తారు. పది పాసై ఐటీఐ చేసినవాడికి ఆ వడపోతే లేదు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంట్లకు కావలసింది సరిగ్గా ఇలాంటివాళ్లే.

అందుచేత ఇచ్ఛాపురం, సోంపేట, పలాసల్లో వారానికి ఒక రోజైనా జిల్లా ఉపాధి కార్యాలయం ఉద్యోగి ఒకరు కూర్చుని, స్పాన్సరు ఎవరు, వీసాలో రాసిన పని ఏది, ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ వలసల పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో ఉందా లేదా అన్నవి చూసి చెప్పే ఏర్పాటు చేయాలని కలెక్టరు గారిని కోరుతున్నాను. ఐటీఐల్లో చివరి నెలలో ఒక పూట నమూనా ఒప్పంద పత్రం చదివించినా మేలే. సర్వీసులో ఉండగా ఆ పని నేనూ చేయలేదు.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా