బరువు సరే, పొట్ట చుట్టుకొలత ఎంత?

ఒరేయ్ సూరీ,

రిపోర్టులు అందాయి. "ఎత్తు 170, బరువు 68, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అన్న లెక్క) 23.5. నేనేమన్నా లావా? మరి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.1 ఎందుకొచ్చింది?" అని నన్ను దబాయిస్తే ఎలారా? మొదటి సంగతి, మనవాళ్లకి అధిక బరువు గీత 25 కాదు, 23. అది దాటేశావు. అసలు సంగతి వేరే ఉంది. ఆ 68 కిలోల్లో కండ ఎంత, కొవ్వెంత, ఉన్న కొవ్వు తొడల్లో ఉందా పేగుల చుట్టూ ఉందా అన్నది బీఎంఐ చెప్పలేదు.

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. యుడ్కిన్ మారథాన్లు పరిగెత్తేవాడు, యాజ్ఞిక్ పరుగల్లా ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకునేలోగా దూరడానికేనట! అలాగని తప్పంతా బద్ధకానిదే కాదు. పుణె పల్లెల్లో పుట్టిన పిల్లల్ని కొలిస్తే, ఇంగ్లండు పిల్లలకన్నా బరువూ కండా బాగా తక్కువ, చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా కనబడే మనిషిలో కొవ్వు దాగడం మనకి పుట్టుకతోనే మొదలవుతుంది.

కొవ్వు ఉండటం తప్పు కాదురా, ఎక్కడుందన్నదే తంటా. తొడలు, పిరుదులు, చర్మం కింది పొర గాదె లాంటివి. అందులో పడ్డది అక్కడే పడుంటుంది. మన గాదె చిన్నది. నిండిపోయాక మిగిలింది కాలేయంలోకి, పేగుల చుట్టూ, క్లోమంలోకి చేరుతుంది. పేగుల చుట్టూ ఉన్నదాని నుంచి కరిగిన కొవ్వు పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికే పోతుంది. కొవ్వెక్కిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు. రాత్రి తినకుండా పడుకున్నా అది గ్లూకోజ్ తయారుచేసి వదులుతూనే ఉంటుంది. పొద్దున పరగడుపు షుగర్ పెరగడానికి పెద్ద కారణం అదే. నీ స్కానింగులో "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అని ఉంది కదా, అందరికీ ఉంటుందిలే అని కొట్టిపారేశావు. రక్తంలో కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, 210; మంచి కొలెస్ట్రాల్ తక్కువ, హెచ్‌డీఎల్ 34. ఇవన్నీ ఒకే కథరా.

నమ్మకం కుదరకపోతే ఇది విను. అమెరికాలో 15 మంది లావుపాటి స్త్రీలకి లైపోసక్షన్ చేసి, పొట్ట చర్మం కింది నుంచి దాదాపు పది కిలోల కొవ్వు తీశారు. ఇన్సులిన్ పనితీరు ఇసుమంతైనా బాగుపడలేదు. లోపలిది లోపలే ఉంది మరి! దీనికి తిరగేసి, పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర బరువు పెంచుతుంది, అయినా షుగర్ దించుతుంది. కొవ్వుని కాలేయం నుంచి చర్మం కిందికి మళ్లిస్తుంది కాబట్టి.

ఇప్పుడు కొలత. ప్యాంటు 34 కాబట్టి నడుము 34 అనుకోకు, ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటావు. పొద్దున్నే పరగడుపున, మూత్రానికి వెళ్లొచ్చాక చొక్కా తీసెయ్. పక్కన వేలితో తడిమితే ఆఖరి పక్కటెముక తగులుతుంది, కింద తుంటి ఎముక పైఅంచు తగులుతుంది. రెండింటికీ సరిగ్గా మధ్య పెన్నుతో గీత పెట్టు. బొడ్డు దగ్గర కొలవకు, పొట్ట జారినవాళ్లకి బొడ్డూ జారుతుంది. టేపు వెనక వైపు కిందికి వేలాడుతుంది, అద్దంలో చూసుకో. మామూలుగా ఊపిరి వదిలాక చదువు, పొట్ట లోపలికి పీల్చావంటే నన్ను కాదు, నిన్నే మోసం చేసుకుంటున్నావు. రెండుసార్లు కొలువు, సెంటీమీటరు మించి తేడా వస్తే మళ్లీ మొదలెట్టు. మన మగవాళ్లకి హద్దు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80. దానికన్నా కచ్చితమైన లెక్క, ఎత్తులో సగం దాటకూడదు. నీకైతే 85. చెల్లెమ్మనీ కొలుచుకోమను, నెలసరి ఆగాక కొవ్వు తుంటి నుంచి పొట్టకి మారుతుంది.

గుంజీలు తియ్యి, పొట్ట వ్యాయామాలు కాదు. ఎక్కడ కండ కదిలిస్తే అక్కడి కొవ్వే కరుగుతుందన్నది ఉత్త భ్రమ. తొడల కండలు మాత్రం గ్లూకోజ్‌ని బాగా లాగేసుకుంటాయి. వారానికి మూడు రోజులు, పదేసి చొప్పున మూడు విడతలు. భోజనమయ్యాక పావుగంట నడక. మూడు గరిటెల అన్నం ఒకటిన్నరకి దించి, ఆ ఖాళీలో పప్పు, కూర, గుడ్డు పెట్టు. పెరుగు ఒట్టిదే తిను. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు లాగించేస్తే ఏం లాభం? పిండి ఎక్కువైతే కాలేయం దాన్నే కొవ్వుగా మారుస్తుంది. నాలుగైదు కిలోలు తగ్గితే చాలు, బరువు తగ్గేటప్పుడు కాలేయంలో కొవ్వు ముందే ఖాళీ అవుతుంది. మీ నాన్నగారు షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నారు కదా, ఆయన మాత్రం డాక్టర్నడక్కుండా ఇలా తిండి తగ్గించకూడదు, షుగర్ పడిపోతుంది.

పరగడుపు షుగర్ 98 ఉందని ధీమా పడకు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటల తర్వాత చేసే పరీక్ష చేయించు. 140 నుంచి 199 వస్తే ప్రీడయాబెటిస్, అంటే డయాబెటిస్‌కి ముందు మెట్టు; 200 గానీ అంతకు మించి గానీ వస్తే డయాబెటిస్. టిఫిన్ తిని చేసేది దానికి సాటి రాదు. ఆదివారం కొలిచి సెంటీమీటర్లలో రాయి. టేపు కొత్తది కొను, ఇంట్లో కుట్టుమిషను సొరుగులోది సాగిపోయి ఉంటుంది.

నీ
రాంబాబు