దసరా సెలవుల ట్రెక్: హంప్టా కనుమ కాదు, హర్ కీ దూన్ లోయ

తొమ్మిదో తరగతి విద్యార్థుల తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవుల్లో పిల్లలను హిమాలయాలకు తీసుకువెళ్తామని చెప్పినప్పటి నుంచి ఇళ్లలోనూ తరగతిలోనూ ఒకటే చర్చ నడుస్తోంది. పిల్లల్లో ఎక్కువమంది హంప్టా కనుమ దాటాలంటున్నారు. మీలో చాలామంది లోయ దారి చాలంటున్నారు. ఉపాధ్యాయులతో కూర్చుని మాట్లాడాక హర్ కీ దూన్ లోయకే వెళ్లాలని నిర్ణయించాను. పిల్లలు కొంత నిరాశపడ్డారు. అందుకే ఈ నిర్ణయం వెనక ఉన్న ఆలోచన మీకు పూర్తిగా చెప్పాలనుకుంటున్నాను.

హంప్టా అందమైన దారి, అందులో సందేహం లేదు. మనాలి దగ్గర పచ్చటి కులూ వైపు నుంచి ఎక్కి, 4,270 మీటర్ల ఎత్తున కనుమ దాటగానే చెట్టన్నది కనిపించని లాహౌల్ రాతినేలలోకి దిగుతారు. హర్ కీ దూన్ ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో ఉంది. సాంక్రీ అనే ఊరి మీదుగా వెళ్లి, నది వెంట దేవదారు అడవుల్లో, కొయ్య ఇళ్ల పల్లెల పక్కనుంచి మెల్లగా ఎక్కాలి. చివర వచ్చే పచ్చికబయలు ఎత్తు సుమారు 3,500 మీటర్లు.

మన కడప సముద్ర మట్టానికి 138 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలను ఒక్క వారంలో ఎక్కడికి చేరుస్తున్నామో ఆలోచించండి. పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం పడిపోయి, పీల్చే ప్రతి శ్వాసలో ఆక్సిజన్ తగ్గుతుంది. 3,500 మీటర్ల దగ్గర సముద్ర తీరంలో అందేదానిలో సుమారు మూడింట రెండు వంతులే అందుతుంది. హంప్టా ఎత్తులో అది దాదాపు 60 శాతానికి దిగుతుంది. 2,500 మీటర్లు దాటితే ఎవరికైనా తలనొప్పి, వాంతులు, నిద్రలేమి మొదలవవచ్చు. పట్టించుకోకుండా ఇంకా పైకి వెళ్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, మెదడు వాయడం వంటి ప్రాణాపాయ స్థితి రావచ్చు.

దేహదారుఢ్యం ఉంటే ఇది రాదనుకోవడం పొరపాటు. కబడ్డీలో అందరినీ పడగొట్టే పిల్లవాడు మొదట కూలబడవచ్చు, ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చునే అమ్మాయి హాయిగా నడిచిపోవచ్చు. పద్నాలుగేళ్ల పిల్లల విషయంలో నన్ను మరీ కలవరపెట్టేది, బాధను దాచుకునే స్వభావం. తన వల్ల తోటివాళ్లంతా ఆగిపోతారన్న బిడియంతో తలనొప్పి సంగతి చెప్పరు. పర్వతాల మీద అదే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని పర్వత వైద్యులు చెబుతారు. మామూలుగా హంప్టాకు వెళ్లేవారు నడక మొదలైన రెండు మూడు రోజులకే కనుమ దాటేస్తారు. కనుమ దాటిన తర్వాత ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే, వచ్చిన దారిన వెనక్కి తేవాలంటే మళ్లీ కనుమ ఎక్కాలి. ముందుకు దిగాలన్నా ఆ రాత్రి బస కూడా ఎత్తులోనే ఉంటుంది. ఇక్కడే నా మనసు తేలిపోయింది. హర్ కీ దూన్‌లో వెళ్లిన దారినే తిరిగి వస్తాం, వెనక్కి తిరిగితే దారి లోయ కిందికే దిగుతుంది. మధ్యలో గంగాడ్, ఓస్లా పల్లెలున్నాయి. పై బయలుకు పగలు వెళ్లి, రాత్రికి కిందికి వచ్చి పడుకోవచ్చు. ఒక్క బిడ్డకు బాగోలేకపోయినా ఒక ఉపాధ్యాయురాలు, ఒక గైడు తోడుగా ఆ బిడ్డను వెంటనే దించగలరు, మిగిలినవారి నడక ఆగదు.

మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది కదా అని పిల్లలు అడిగారు. ఆ అమ్మాయి అంటే నాకూ ఎంతో గౌరవం. అయితే ఆమె ముందు భువనగిరి బండ మీద, తర్వాత డార్జిలింగ్‌లో, ఆపై లద్దాఖ్ చలిలో నెలల తరబడి శిక్షణ పొందింది. హంప్టా మీద మనసున్న పిల్లలు ఇంటర్ తర్వాత ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ ప్రాథమిక కోర్సు గురించి ఆలోచించవచ్చు. దరఖాస్తుకు నేనే సాయం చేస్తాను.

లోయ దారి అంటే పార్కులో షికారు అనుకోకండి. రోజుకు ఐదారు గంటల నడక, గుడారాల్లో పడక, సున్నా దగ్గరికి దిగే రాత్రి చలి, చాలా చోట్ల పనిచేయని ఫోను. చివర్లో ఎదురుగా స్వర్గారోహిణి శిఖరం, 6,252 మీటర్లు. పాండవులు స్వర్గానికి నడిచిన దారి అదేనని అక్కడివారి నమ్మకం. మహాభారతంలోని ఆ చివరి ఘట్టాన్ని తెలుగు ఉపాధ్యాయులు బయలుదేరే ముందే పిల్లలకు చెబుతారు.

నీళ్ల విషయంలో నియమం చాలా కఠినం. 2014 జూన్‌లో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో కొట్టుకుపోయిన సంగతి మనం మరచిపోలేం. మన పిల్లలెవరూ ఫొటో కోసమైనా నదిలో అడుగు పెట్టరు.

ఆడపిల్లలను పంపడానికి వెనకాడుతున్న తల్లులకు ఒక మాట. ముగ్గురు ఉపాధ్యాయినులు వెంట వస్తున్నారు. అమ్మాయిల గుడారాలు వేరు, నెలసరికి కావలసినవన్నీ మా దగ్గర ఉంటాయి. దయచేసి పంపండి.

వచ్చే ఆదివారం నుంచి ఉదయం ఐదున్నరకు పాలకొండల వైపు నడక సాధన. ప్రయాణంలో వేసుకునే బూట్లతోనే రావాలి, కొత్త బూట్లు కొండల్లో పాదాలు ఒరిపించేస్తాయి. ఆస్తమా, మూర్ఛ, గుండె సమస్య, సికిల్ సెల్ (రక్తకణాల జబ్బు) వంటివి ఉంటే అంగీకార పత్రంలో తప్పక రాయండి. అవి ఉన్నంత మాత్రాన పేరు తీసేయం, వైద్యుడి సలహా తీసుకుని నిర్ణయిస్తాం. ఎత్తు జబ్బుకు మాత్రలని మీ అంతట మీరు ఏవీ కొని ఇవ్వకండి.

పత్రాలు ఈ నెలాఖరులోగా తరగతి ఉపాధ్యాయులకు అందించండి. సందేహాలుంటే శనివారం మధ్యాహ్నం రండి, కార్యాలయంలోనే ఉంటాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు