హరికేన్ హిల్ దారిలో పూలు

చి. మాధవికి, నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం కులాసా. ఈ వానలకు పెరట్లో నందివర్ధనం విరగబూసింది. నువ్వు ఒంటరిగా ఆ వాషింగ్టన్ రాష్ట్రపు హరికేన్ రిడ్జ్ కొండలకు వెళ్లి కాలు బెణికించుకున్నావని బుజ్జి చెప్పినట్లు కాకినాడ పిన్ని నిన్న అన్నది. మూడు ఆదివారాలుగా నీ ఫోను లేకపోవడానికి కారణం అదేనా అని మీ అమ్మ అడుగుతోంది. నేను మాత్రం పూల సంగతి వ్రాద్దామనే కూర్చున్నాను.

నిరుడు జూలైలో మనం నడిచిన హరికేన్ హిల్ దారి పక్కన ఊదారంగు లూపిన్లు, ఎర్రని పెయింట్‌బ్రష్ పూలు ఈపాటికి మళ్లీ పూసి ఉంటాయి. ఒకవైపు 1.6 మైళ్లే కనుక, ఎక్కవలసినది 650 అడుగులే కనుక, మోకాళ్ల నొప్పులతోనే మీ అమ్మ 5,757 అడుగుల కొనకు చేరి, ఒకవైపు ఒలింపస్ శిఖరపు మంచును, మరోవైపు జలసంధికి ఆవల ఉన్న వాంకూవర్ దీవిని చూసి చేతులు జోడించింది. దిగేటప్పుడు ఎవరో ఈల వేశారని ఆగితే, అది ఒలింపిక్ మార్మాట్ అనే పెద్ద ఉడుతలాంటి జంతువని, ఆ ఒలింపిక్ ద్వీపకల్పంలో తప్ప ఎక్కడా ఉండదని నువ్వు చెప్పావు. దానికి చేగోడీ పెడతానని అమ్మ, అడవి జంతువులకు ఏమీ పెట్టకూడదని నువ్వు వాదించుకుంటూ ఉండగానే పొగమంచు కమ్మేసింది. నీ కోటు అమ్మకు కప్పి ముందు నడిచిన నువ్వు నాలుగడుగుల్లో కనుమరుగయ్యావు. నేను పిలిచిన ప్రతిసారీ నువ్వు పలకబట్టి ధైర్యంగా దిగాము. ఒంటరిగా వెళితే ఎవరు పిలుస్తారమ్మా?

వెళ్లవద్దని అనను. కానీ ఏ దారిన వెళుతున్నావో, ఎన్నింటికి తిరిగి వస్తావో బుజ్జికి చెప్పి వెళ్లు. అక్కడి విడిది భవనం 2023 మేలో కాలిపోయింది కనుక నీళ్లు, తిండి, ఉన్నికోటు వెంట ఉండాలి. ఫొటో కోసం దారి వదిలి పచ్చికలో అడుగు పెట్టకు. ఏడాదిలో ఎక్కువ నెలలు మంచు కింద ఉండే ఆ మొక్కలు ఒకసారి నలిగితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది, గడ్డి కింద గుంట ఉంటే నీ కాలూ అంతే. అరిగిన ఆ పాత బూట్లు ఇంకా వాడుతున్నావా?

బెణికినది కుడికాలో ఎడమకాలో, వాపు తగ్గిందో లేదో వెంటనే తెలియజేయి. వచ్చే వారం బుజ్జి మామగారు బయలుదేరుతున్నారు. మహానారాయణ తైలం సీసాకు అమ్మ ఇప్పటికే మూడు కవర్లు చుట్టింది.

ఆశీస్సులతో,
నాన్న