మీ చెల్లి చదువు గురించి

రేయ్,

నీ ఉత్తరం అందింది. మీ చెల్లి జీవవైవిధ్యం, పరిరక్షణ శాస్త్రం చదువుతానంటోందని చూసి ఎంత సంబరపడ్డానో! "అడవుల్లో తిరిగి ఫొటోలు తీయడానికి యూనివర్సిటీ ఎందుకు" అని ఇంట్లో అంటున్నారన్నావు కదా. నేను ఇందులోనే మునిగి తేలుతున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందుగా ఆ అమ్మాయికి తెలియాల్సింది, ఇందులో సగానికి సగం లెక్కలే. ఒక చెరువులో తాబేళ్లు ఎన్నున్నాయో తెలియాలి, అన్నిటినీ పట్టలేం. 50 పట్టి, గుర్తు పెట్టి వదిలేస్తాం. కొన్నాళ్లాగి 60 పడితే అందులో 15కి మన గుర్తు కనబడిందనుకో. అంటే పడ్డవాటిలో నాలుగో వంతు మనవే, కాబట్టి చెరువు మొత్తంలో సుమారు 200. ఇంతవరకు తేలికే. కానీ ఒకసారి పట్టుబడ్డ తాబేలు బెదిరిపోయి రెండోసారి చిక్కకపోతే? గుర్తున్నవి తక్కువ పడి, లెక్క పెరిగిపోతుంది. ఉన్నవాటికంటే ఎక్కువ ఉన్నాయనుకుని మనం ధీమాగా కూర్చుంటాం, అవేమో తరిగిపోతుంటాయి. స్టాటిస్టిక్స్ క్లాసంటే అందరికీ టెన్షనే గానీ, నన్నడిగితే ఈ చదువుకి ప్రాణం అదే.

ఒక జీవి కనబడకపోతే అది లేనట్టేనా అన్నది ఇంకా పెద్ద చిక్కు. న్యూజిలాండ్‌లో టకాహే అనే ఎగరలేని పక్షి అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1948లో కొండల్లో మళ్లీ దొరికింది. కోస్టారికాలోని మాంటెవెర్డేలో బంగారు రంగు కప్పల కథ దానికి సరిగ్గా తలకిందులు. 1987లో వెయ్యికి పైగా కనబడ్డాయి, 1989లో ఒకే ఒక్కటి. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు, చివరికి 2004లో అంతరించిన జాబితాలో చేర్చారు. వెతకడం ఎప్పుడు ఆపాలి, డబ్బూ మనుషుల్నీ ఇంకో జీవికి ఎప్పుడు మళ్లించాలి? ఆ నిర్ణయం తీసుకునేవాళ్ల మీద ఎంత బరువుంటుందో ఆలోచించు.

రాబందుల సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదురా. మన దేశంలో 1990ల నుంచి అవి కుప్పకూలిపోయాయి. తెల్లనడుము రాబందులైతే 2007 నాటికి వెయ్యింటికి ఒకటి మిగిలిందో లేదో. రోగమేమో అనుకున్నారు మొదట. 2004లో అసలు కారణం బయటపడింది. పశువులకు నొప్పికి వాడే డైక్లోఫెనాక్ అనే మందు కళేబరాల ద్వారా చేరి వాటి కిడ్నీలను పాడుచేస్తోంది. వంద కళేబరాల్లో ఒక్కదానిలో ఆ మందున్నా ఈ విధ్వంసానికి చాలునని లెక్క తేలింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు, బదులుగా రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఉంది. ఒక పక్షిని కాపాడ్డానికి పశువైద్యులు, రసాయన పరీక్షలు, లెక్కలు, చట్టం అన్నీ కావాల్సి వచ్చాయి. జంతువుల మీద ప్రేమొక్కటే ఉంటే సరిపోదని నేను గట్టిగా అనేది అందుకే.

ఫీల్డ్ వర్క్ మాత్రం అద్భుతం! ఒక మీటరు చదరం చట్రాన్ని నేల మీద పరిచి, అందులోని ప్రతి మొక్కనీ రాసుకోవాలి. పూత లేనప్పుడు గడ్డి జాతులన్నీ ఒక్కలాగే కనబడతాయి. అప్పుడు ఆకు కాండాన్ని వదిలి బయటికి విచ్చుకునే చోట మెల్లగా వెనక్కి వంచి, భూతద్దం పెట్టి చూస్తాం. కొన్నిటికి అక్కడ పల్చటి తెల్ల పొర ఉంటుంది, కొన్నిటికి సన్నటి వెంట్రుకల వరస. దాన్నే లిగ్యూల్ అంటారు. ఆ చిన్న పొర చూసి జాతుల్ని విడదీయడం వచ్చాక పచ్చిక మీద నడవడమే మారిపోతుంది.

ఉద్యోగాల గురించి దాచను. తక్కువే, పోటీ ఎక్కువ, మొదట్లో చాలావరకు ఏడాదికో రెండేళ్లకో ముగిసే ప్రాజెక్టులే. ఇంట్లో వాళ్లకి ఇది ముందే చెప్పండి.

చేరేలోపు ఒక పని చేయమను. పక్షులో, సీతాకోకచిలుకలో, గడ్డో, ఒక గుంపు ఎంచుకుని పేర్లు నేర్చుకోవాలి. చూసిన ప్రతిసారీ తేదీ, చోటు, ఎంతసేపు వెతికిందీ రాసుకోవాలి. ఏమీ కనబడని రోజు కూడా రాయాలి, ఆ సున్నాలు లేకుండా లెక్క కట్టలేం. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇప్పుడే మొదలుపెడితే ఇంకా మంచిది, నా దగ్గరున్న పాఠాలు పంపిస్తాను. ఏ గుంపు ఎంచుకుందో తననే నాకు రాయమను.

నీ
మిత్రుడు